అదసా అంటే మసూర్ పప్పు

మా ఉర్దూ మీడియం స్కూల్లో సైన్స్ ఉస్తాద్ లెన్స్‌ని 'అదసా' అనేవారు. మధ్యలో ఉబ్బితే మొహద్దబ్ అదసా, లోపలికి గుంటపడితే ముఖఅర్ అదసా. తర్వాత తెలుగులో అవే నాకు కుంభాకార కటకం, పుటాకార కటకం అయ్యాయి. అరబ్బీలో అదస్ అంటే మసూర్ పప్పు. లాటిన్‌లో లెన్స్ అన్నా ఆ పప్పే. రెండు జబాన్లలోనూ ఆ పేరు గింజ ఆకారాన్ని బట్టే వచ్చింది.

ఆ గింజే ఇప్పుడు మా భాంజీకి రోజీ. షాదీల్లో జనానా వైపు ఫొటోలు తీస్తుంది. మగ ఫొటోగ్రాఫర్‌ని లోపలికి రానివ్వని ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి కదా. బావ ఇంతెఖాల్ తర్వాత సగం ఇల్లు ఆ కెమెరా మీదే నడుస్తోంది. ఏడాదిపాటు ఇరవై వేలు కూడబెట్టి, సెకండ్ హ్యాండ్ పెద్ద జూమ్ లెన్స్ ఒకటి చూసుకుంది. "మామూ, యే లేలూఁ క్యా? పెద్ద లెన్స్ చూస్తే పార్టీవాళ్ళకి భరోసా ఉంటుంది" అంది.

"బేటా, నువ్వు ఎక్కువగా ఎక్కడ నిలబడి తీస్తావు?" అని అడిగాను. రెండు గదుల ఇళ్ళలో, పరదా వెనక, ట్యూబ్‌లైట్ కింద. అంటే తన ముష్కిల్ దూరం కాదు, రోష్నీ. కెమెరాతో వచ్చే మామూలు జూమ్ పూర్తిగా చాపితే ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే తొమ్మిది పది రెట్ల వెలుతురు తీసుకుంటుంది. అందరూ 50 ఎంఎం కొనమంటారు. కానీ తనది చిన్న సెన్సర్ కెమెరా. అందులో 50 కాస్తా 75, 80లా దగ్గరికి లాగుతుంది. గోడకి వీపు ఆనించినా దుల్హన్ చుట్టూ కూర్చున్నవాళ్ళు ఫ్రేములో పట్టరు. 35 అయితే పడతారు.

అయినా ఆ జూమ్‌ని చూడకుండా వద్దనడం ఇన్సాఫ్ కాదని దుకాణానికి వెళ్ళాం. రెండు వైపులా మూతలు తీయించి, ఒక పక్క నుంచి మొబైల్ టార్చ్ ఏటవాలుగా వేసి, రెండో పక్క నుంచి చూడమన్నాను. లోపలి గాజు మీద సాలెగూడులా సన్నని పోగులు. ఫంగస్! "క్లీన్ చేస్తే పోతుంది" అన్నాడు దుకాణదారు. పోగులు పోవచ్చు. కానీ గాజు మీది కోటింగ్‌ని ఫంగస్ తినేసి ఉంటే ఆ దాగ్ పోదు. వెనక్కి వచ్చేశాం.

ఫంగస్‌కి కావలసినవి నమీ, చీకటి. లెదర్ కేసులో పెట్టి అల్మారీలో దాచడమంటే దాన్ని దావత్‌కి పిలిచినట్టే. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. ఏసీ హాల్లోంచి బయటి ఉక్కలోకి వస్తే అరగంట కెమెరాని బ్యాగులోనే ఉంచండి, గాజు మీద ఆవిరి పట్టదు.

ఓఢ్నీ కొంగుతో మాత్రం తుడవొద్దు. ముందు బ్లోయర్‌తో గర్ద్ ఎగరగొట్టాలి, లేకపోతే ఆ గర్దే గీతలు పెడుతుంది. తర్వాత మెత్తని బ్రష్, ఆఖర్న మైక్రోఫైబర్ గుడ్డ. లిక్విడ్ వాడితే గుడ్డ మీద వేయాలి, గాజు మీద కాదు.

ఇక ఫిల్టర్. డిజిటల్ కెమెరాలో యూవీ ఫిల్టర్ వల్ల ఫొటో మెరుగుపడేది పెద్దగా లేదు. పిల్లలు పరుగులు తీసే షాదీ ఇంట్లో లెన్స్‌కి హిఫాజత్, అంతే. చౌక రకం తగిలిస్తే సీరియల్ లైట్ల ఎదుట నకిలీ మెరుపులు తెస్తుంది. పోలరైజర్ నీళ్ళ మీదా గాజు మీదా మెరుపు తగ్గిస్తుంది గానీ ఒకటి రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది. ట్యూబ్‌లైట్ కింద తనకి దాంతో పని లేదు.

35 ఎంఎం కొంది. మొన్న ఒక మెహందీలో ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో చూపించింది. దుల్హన్ అరచేయి దాదీ ఒళ్ళో ఉంది, మెహందీ అసలు రంగులోనే ఉంది. దాన్ని పెద్దది చేయించి ఇమ్మని ఆ దాదీయే అడిగిందట.