తోక పట్టినవాడు

సింగపూర్ వచ్చిన కొత్తలో, అంటే 2003లో, నాకు సింహానికీ డ్రాగన్‌కీ తేడా తెలిసేది కాదు. చైనావాళ్ళ సంవత్సరాదికి లారీల మీద జెండాలు కట్టుకుని, డోళ్ళూ తాళాలూ మోగించుకుంటూ పోతుంటే అన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. సింహం లోపల ఇద్దరుంటారు, తలకొకడు, వెనక కాళ్ళకొకడు. డ్రాగన్ లోపల ఎవరూ ఉండరు. అదొక పొడుగాటి గుడ్డ పాము. మామూలుగా తొమ్మిది కర్రల మీద నిలబడుతుంది. కింద తొమ్మిదిమంది పరిగెడుతుంటే పైన అది ఈదుతుంది. పదోవాడు కర్ర చివర ముత్యం పెట్టుకుని ముందు నడుస్తూ దాన్ని ఊరిస్తాడు. బాణసంచా నిషేధించాక వీధుల్లో సందడి తగ్గకూడదని 1973లో మొదలుపెట్టిన చింగే ఊరేగింపులో చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇంత వివరంగా నాకెలా తెలిసిందంటారా? మావాడి వల్ల. పద్నాలుగేళ్ళవాడు, ఒకరోజు స్కూలు నుంచి వచ్చి డ్రాగన్ ఆట నేర్చుకుంటానన్నాడు. "కూచిపూడి అంటే సిగ్గు, మృదంగం అంటే టైం లేదు, పాము తోక మొయ్యడానికి మాత్రం టైం ఉందేం?" అంది మా ఆవిడ. ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు.

నేర్పేది డెబ్భై దాటిన పెద్దాయన. ఇక్కడి పద్ధతి ప్రకారం అందరికీ ఆయన అంకులే. ఒకప్పుడు రేవులో మూటలు మోశాడట. మా అల్జునీడ్‌లో బ్లాకు కింద ఖాళీ స్థలంలో శనివారం సాయంత్రాలు నేర్పుతాడు. పైసా తీసుకోడు. ఆయన దగ్గర పాత డ్రాగన్ ఒకటుంది. పేము చట్రం, కాన్వాసు గుడ్డ, తల ఎత్తితే నీళ్ళు నిండిన బిందె ఎత్తినట్టుంటుంది. ఇప్పుడు తేలికపాటివి వచ్చాయి. చీకట్లో మెరిసే రంగు పూసి, దీపాలార్పి, నల్లబట్టలతో ఆడితే మనుషులు కనపడకుండా పాము ఒక్కటే గాలిలో ఎగురుతుంది. పోటీలకి పిల్లలు వాటితోనే వెళతారు. ఆయన కాదనడు కానీ, మొదటి ఆర్నెల్లూ మాత్రం పాతదే మోయిస్తాడు. "బరువు తెలియనివాడికి అల తెలియదు" అంటాడు.

ఆ జట్టులో చైనా పిల్లలు ఆరుగురు, ఇద్దరు మలయ్ పిల్లలు, ఒక తమిళ అబ్బాయి, మావాడు. "మీ మనవడు రాడా అంకుల్?" అని ఓసారి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఆయన సూది దారంతో డ్రాగన్ పొట్ట కుట్టుకుంటూ, "వాడికి ట్యూషన్" అన్నాడు. కాసేపాగి, "వాడి స్నేహితులు చూస్తే బాగుండదట" అన్నాడు. నేను అటు తిరిగి కూల్ డ్రింకుల మిషన్ వైపు చూశాను.

ఎందుకంటే మా చిన మావయ్య పులి వేషగాడు.

తెనాలి దగ్గర మా ఊళ్ళో దసరా పది రోజులూ ఆయన మనిషి కాడు. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, వార్నీషు వాసన. పండగయ్యాక కిరసనాయిలుతో కడుక్కుంటే ఒళ్ళు మండి రెండు రోజులు చొక్కా వేసుకునేవాడు కాదు. తాషా మోగితే చాలు, వెనక్కి వంగి నేల మీది రూపాయి నోటు నోటితో అందుకునేవాడు. పులి వెనకాల ఒకడు తోక పట్టుకుని నడవాలి. పులి ఎటు దూకితే అటు దూకాలి, తోక తొక్కకూడదు, బిగించకూడదు. చిన్నప్పుడు ఆ తోక నాదే. పదో తరగతిలో ఉండగా మా ఇంటి ముందుకొచ్చి, "ఒరేయ్ అల్లుడూ, రారా, తోక పట్టుకో" అని కేకేశాడు. అరుగు మీద నా క్లాసువాళ్ళు నలుగురున్నారు. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. తాషా కాసేపు మా గుమ్మం ముందే మోగి, పక్కింటికెళ్ళింది. ఆయన ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

2009లో మావయ్య పోయాడు. అటక మీద తోక, గజ్జెలు ఉన్నాయి, ఏం చెయ్యమంటావని అత్తయ్య ఫోన్ చేసింది. ఆఫీసులో ఉన్నాను. "పారేయండి అత్తయ్యా" అన్నాను.

ఇక్కడ 1975 నుంచీ తెలుగు సమాజం ఉంది. ఉగాదికి మన పాటలూ నాట్యాలూ చూస్తుంటాం. పులి వేషం కడతానని ముందుకొచ్చినవాణ్ణి నేను చూడలేదు. నేను మాత్రం వచ్చానా?

మాకు దగ్గర్లోనే సిమ్స్ డ్రైవ్‌లో మున్ సాన్ ఫుక్ తక్ ఛీ అని పాత గుడి ఒకటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన కాంటనీస్, హక్కా కూలీలు కట్టుకున్నది. వాళ్ళది నిప్పు డ్రాగన్. గడ్డితో అల్లి, ఒళ్ళంతా వెలిగించిన అగరొత్తులు గుచ్చి ఆడించి, చివరికి దాన్నే తగలబెట్టి స్వర్గానికి సాగనంపుతారు. అంత కష్టపడి అల్లింది కాల్చేస్తే ఎలా అన్నాను. అంకుల్ నవ్వాడు. "కాల్చకపోతే మళ్ళీ అల్లరుగా! అల్లకపోతే చేతులు మర్చిపోతాయి" అన్నాడు. గుళ్ళో వాళ్ళు ఏమంటారో తెలియదు, ఇది ఆయన మాట.

2024 డ్రాగన్ సంవత్సరం. ఫిబ్రవరి 10న పండగ. అంతకు వారం ముందు ప్రాక్టీసుకి మావాడికి జ్వరం. అంకుల్ నన్ను చూసి, "బాస్, తోక పట్టుకో" అన్నాడు.

చుట్టూ అంతమంది. పై అంతస్తుల నుంచి చూసేవాళ్ళు కూడా. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, ఆఫీసు బూట్లు విప్పి, కర్ర అందుకున్నాను. తల ఒక అడుగు తిరిగితే తోక పది అడుగులు పరిగెత్తాలి. ముందువాడి వీపు చూడకూడదు, వాడి కర్ర చూడాలి. డోలు మోగింది. ఆశ్చర్యం, నా కాళ్ళకి ఎటు దూకాలో తెలిసింది. రెండో మలుపులో మాత్రం ఊపిరందక మలయ్ కుర్రాడి మీద పడ్డాను, అది వేరే సంగతి. అంకుల్ దగ్గరికొచ్చి, "ఇంతకు ముందు చేశావు నువ్వు" అన్నాడు. నేను తలూపాను.

ఆ రాత్రే అత్తయ్యకి ఫోన్ చేశాను. ఆవిడకిప్పుడు చెవులు సరిగా వినపడవు. మావయ్య తోక ఉందా అని మూడుసార్లు అరిచాను. మావాడు దుప్పట్లోంచి లేచి చూస్తున్నాడు.

"ఎక్కడిదిరా! నువ్వే కదా పారెయ్యమన్నావు" అంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, అది ఎలా చేసేవాడో గుర్తుందా అని అడిగాను.

"గుర్తులేకేం, కుట్టింది నేనేగా" అంది అత్తయ్య. "ముందు పాత పంచె తీసుకో. చిరిగింది కాదు, మెత్తబడింది. లోపలికి ఎండుగడ్డి. మీకక్కడ గడ్డి దొరుకుతుందట్రా?"