బందరు లడ్డూ, బడి పెరడు

బళ్లలో కూరగాయల పెరళ్లు పెంచమని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. మధ్యాహ్న భోజనంలోకి తాజా ఆకుకూర అక్కడి నుంచే రావాలని, పిల్లలకు సాగు తెలియాలని ఉద్దేశం. కానీ విత్తనాలు, ఎరువు, కంచె, వేసవి సెలవుల్లో నీళ్లు పోసే మనిషి, ఇవన్నీ ఏటా వచ్చే ఖర్చులే. అందుకే ఊరూరా ఏడాదికోసారి తిండి సంత పెట్టి, వచ్చిన డబ్బు బడి పెరటికే ఇవ్వాలంటాను. సంతలో పెట్టడానికి బందరుకు భౌగోళిక గుర్తింపు పొందిన లడ్డూ ఉంది. గుడివాడలోనూ, దివిసీమలోనూ వండిపెట్టే చేతులకు కొదవ లేదు.

ఇది ప్రభుత్వం పని కదా అంటారు. నిజమే, భోజనం బాధ్యత ప్రభుత్వానిదే, అది తప్పించుకోకూడదు. అయితే ఆ మధ్యాహ్న భోజన పథకం పీఎం పోషణ్‌లోనే తిథి భోజనం పేరుతో, పిల్లలకు విందు పెట్టేలా, ఊరివాళ్లకూ చోటుంది. ఆ విందు ఒక్క పూటే, పెరడు ఏడాది పొడవునా కూర ఇస్తుంది. దివిసీమ ఉప్పు నేలలో ఏం పండుతుందని ఇంకో ప్రశ్న. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఆ ఇబ్బంది వాస్తవమే. అక్కడ మంచి మట్టి నింపిన తొట్లు, ఎత్తు మళ్లు వేసుకోవచ్చు. పాలకూర ఉప్పును కొంతవరకు తట్టుకుంటుంది కూడా.

ఈ ఏడాది మీ ఊళ్లో ఒక సంత పెట్టండి. జమాఖర్చులు బడి గోడ మీద అందరికీ కనబడేలా రాయండి.