బోర్డు ముందు మాత్రం వద్దు

సోమవారం పొద్దున లైబ్రరీ కింది అంతస్తులో ఒక్క కంప్యూటరూ ఖాళీ ఉండేది కాదు. పదకొండింటి క్లాసుకు అసైన్‌మెంట్ ప్రింటు తీసుకోవాల్సిన పిల్లలు భుజాన బ్యాగు, చేతిలో కాఫీ కప్పుతో వరస కట్టేవాళ్లు. కిటికీ పక్క నాలుగు సీట్లలో మాత్రం తెల్ల చొక్కాలు, టైలు, జేబులకు నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్న నలుగురు కుర్రాళ్లు కూచుని, ఎక్కడికీ పోయే పని లేనట్టు నవ్వుకుంటూ టైపు చేస్తుండేవాళ్లు.

2013 నవంబరు. మిస్సోరీలో ఒక స్టేట్ యూనివర్సిటీ. అప్పటికి నేను అమెరికాలో దిగి మూడు నెలలు. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు గనక ఆ ల్యాబ్ డెస్కు దగ్గర గంటకు 7.35 డాలర్లకు కుదిరాను. ఆ రాష్ట్రంలో అప్పటి కనీస వేతనం అదే. పని పెద్దదేం కాదు. ప్రింటర్‌లో కాగితాలు పెట్టడం, ఇరుక్కుంటే లాగడం, పాస్‌వర్డ్ మర్చిపోయి బిక్కమొహం వేసినవాళ్లను ఓదార్చడం. కోదాడలో నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చినవాడికి ఆ కుర్చీ కొంచెం ఇరుకుగానే ఉండేది.

ఆ నలుగురూ మా విద్యార్థులు కారు, మార్మన్ మిషనరీలు. (తమను ఆ పేరుతో పిలవొద్దని 2018 నుంచి ఆ సంఘమే అడుగుతోంది గానీ, లోకం నోట ఆ మాట పోలేదు.) మగపిల్లలకు రెండేళ్లు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. ఖర్చు సొంతం, ఊరు మాత్రం పైవాళ్లు వేసిందే. ఎప్పుడూ జంటగానే తిరగాలి, ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలి. 2012 అక్టోబరులో మగపిల్లల వయసు 19 నుంచి 18కి, ఆడపిల్లలకు 21 నుంచి 19కి తగ్గించేసరికి, 58 వేల చిల్లర ఉన్న మిషనరీలు ఏడాది తిరిగేసరికి 80 వేలు దాటారు. మా క్యాంపస్‌కూ ఆ వరదలో కొంత నీరు వచ్చింది.

అప్పట్లో వాళ్లు ఇంటికి ఫోన్ చేయడానికి ఏడాదికి రెండే రోజులు, క్రిస్మస్‌కొకటి, మదర్స్ డేకొకటి. వారం వారం మాట్లాడుకోవచ్చని సడలించింది 2019లో. అప్పటిదాకా వారానికొక ఈమెయిలే దిక్కు, అదీ సోమవారం. సొంత కంప్యూటర్ ఉండేది కాదు. అంటే ఆ కిటికీ పక్క నాలుగు సీట్లూ వాళ్ల పోస్టాఫీసన్నమాట.

విద్యార్థి ఐడీ లేకుండా కంప్యూటర్ తెరుచుకోదు కదా అంటే, తెరిచి ఇచ్చేది మా తెలుగు పిల్లాడే. వాణ్ని అడిగితే, "అన్నా, పరుపు గుర్తులేదా?" అన్నాడు. గుర్తుంది. ఆగస్టులో దిగిన వారం, ఎవరో అమ్మేస్తుంటే కొన్న పాత పరుపును రోడ్డు పక్కన పెట్టుకుని దిక్కులు చూస్తుంటే, మూడో అంతస్తుకు మోసిపెట్టింది వీళ్లలో ఇద్దరు. టై భుజం మీదికి వేసుకుని మరీ మోశారు. అంతకుముందు మా పక్కనుంచి పోయినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

అయినా నాకు కడుపు మండేది. ల్యాబ్ ఫీజు, జిమ్ ఫీజు, స్టూడెంట్ యాక్టివిటీ ఫీజు అని సెమిస్టర్ బిల్లులో వరస వరసగా వేసేవాళ్లు. జిమ్ ఏ దిక్కున ఉందో తెలియకపోయినా కట్టాల్సిందే. మిర్యాలగూడ రైసు మిల్లులో గుమాస్తాగిరీ చేసిన మా నాన్న పేరు మీద బ్యాంకు లోను, డాలరేమో 62 రూపాయలు. ఎవడబ్బ సొమ్మని వీళ్లు కూచున్నారు?

కానీ ఆ టైలు చూస్తే నవ్వు కూడా వచ్చేది. గొంతు ఎండినట్టూ ఉండేది. ఎందుకంటే ఆ టై నేనూ కట్టుకున్నాను.

నాది మిర్యాలగూడ. డిగ్రీ సూర్యాపేటలో, ఉద్యోగం కోదాడలో. అప్పుడు మూడూ నల్లగొండ జిల్లాయే. 2016లో సూర్యాపేట వేరుపడి జిల్లా అయ్యి కోదాడను తీసుకుపోయింది, మా మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌కు ఏప్రిల్, మే నెలల్లో పాఠాలుండవు, క్యాంపెయిన్ ఉంటుంది. పదో తరగతి రాసిన పిల్లల ఇళ్లు పట్టుకుని తిరగాలి. ఇద్దరికొక బండి. మెడలో టై, ఐడీ కార్డు, సంచిలో కరపత్రాలు. మనిషికిన్ని అడ్మిషన్లని టార్గెట్. తెస్తే వేసవి జీతం, తేకపోతే "జూన్‌ల మాట్లాడుకుందాం సార్". మునగాల, నడిగూడెం, చిలుకూరు, మోతె, జంటకొక మండలం పంచేవాళ్లు. నా జంట ఫిజిక్స్ సార్. గేటు తీస్తే కుక్క. తలుపు తీస్తే, "మావోణ్ని విజయవాడల ఏస్తున్నం సార్." లోపలికి రమ్మంటే చాయ్. రోజుకు తొమ్మిది చాయ్‌లు తాగిన రోజులున్నాయి. మార్మన్లు చాయ్, కాఫీ ముట్టరు. మునగాల మండలం వాళ్లకప్పజెప్పి ఉంటే రెండో ఊరు దాటేవాళ్లు కాదు.

పందొమ్మిదేళ్ల పిల్లాడి బ్యాడ్జీ మీద ఎల్డర్ అని రాసి ఉండటం చూసి ఇక్కడివాళ్లు నవ్వుతారు. ఎల్డర్ అంటే పెద్ద. మాకు నవ్వు రాదు. మా కరపత్రం మీద ఇరవై మూడేళ్ల నేను సీనియర్ ఫ్యాకల్టీని.

ఇళ్లు తిరగడం వేసవి పని. అసలు పని జనవరిలోనే మొదలయ్యేది, సర్కారు బడుల్లో. పదో తరగతి పిల్లలకు మోటివేషన్ క్లాసు చెప్తామని హెడ్మాస్టర్‌ను ఒప్పించుకోవాలి. చదువెలా చదవాలో, పరీక్షెలా రాయాలో అరగంట చెప్పి, చివర కాలేజీ పేరు ముద్రించిన పరీక్ష అట్టలు పంచి, ఒక కాగితం తిప్పి పేరు, తండ్రి పేరు, సెల్ నంబరు రాయించుకోవాలి. దాన్ని మేం డాటా అనేవాళ్లం. చాలా బడుల్లో ఏ అడ్డూ ఉండేది కాదు. ఫ్యాను వాళ్లది, చాక్‌పీసు వాళ్లది, మధ్యాహ్నమైతే ఒక్కోచోట అన్నం కూడా వాళ్లదే.

మునగాల అవతల ఒక జెడ్పీ హైస్కూల్లో మాత్రం బేరం కుదరలేదు. హెడ్మాస్టర్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని మా అట్టల కట్టను చూశాడు, మా టైలను చూశాడు.

"ఎండల పడి వచ్చిండ్రు, నీళ్లు తాగుండ్రి. ఆ చెట్టు కింద కూసోండ్రి. బడి విడిచినంక పిల్లలతోని మాట్లాడుకుంటరా, మాట్లాడుకోండ్రి. బోర్డు ముందల మాత్రం నిలబడొద్దు."

"పది నిమిషాలే సార్" అన్నాను.

"పది నిమిషాలని గాదు సార్. ఆ బోర్డు ముందల ఎవరు నిలబడ్డా మా పిల్లలు నోట్సు రాసుకుంటరు."

బయటికొచ్చాక ఆయన్ను ఫిజిక్స్ సారూ నేనూ చాలాసేపు తిట్టుకున్నాం. వేపచెట్టు కింద కూచుని తిట్టుకున్నాం, ఆయన ఇప్పించిన నీళ్లు తాగుతూ. బడి విడిచాక పిల్లలు మమ్మల్ని దాటుకుని పరుగెత్తారు. ఆగినవాళ్లు ముగ్గురు, వాళ్లూ అట్టల కోసం.

ఆ మాట అర్థం కావడానికి నాకు మిస్సోరీ దాకా పోవాల్సి వచ్చింది. ఒక సోమవారం ల్యాబులో కొత్తగా వచ్చిన చైనా అమ్మాయి ప్రింటర్ దగ్గర తంటాలు పడుతోంది. నేను డెస్కు వెనక ఇంకొకరి పాస్‌వర్డ్ పనిలో ఉన్నాను. ఆ అమ్మాయి చుట్టూ చూసింది. దగ్గర్లో టై, బ్యాడ్జీ ఉన్నది ఒక మిషనరీ కుర్రాడికే. ల్యాబు మనిషి అనుకుని అతన్నే అడిగింది. అతను లేచి, ఇరుక్కున్న కాగితం నేను చేసేదానికన్నా నేర్పుగా లాగి, ఆమె పేరు అడిగి, దాన్ని రెండుసార్లు పలికి సరిచేసుకుని, జేబులోంచి ఒక కార్డు తీసి ఇచ్చాడు. బుధవారం సాయంత్రం ఇంగ్లీషు క్లాసు, ఉచితం. ఆ అమ్మాయి కార్డును రెండు చేతులతో అందుకుని తలవంచి థాంక్స్ చెప్పింది. యూనివర్సిటీయే ఇచ్చిందనుకుందని ఆ తలవంచడంలోనే తెలిసింది. అతను అబద్ధమేమీ ఆడలేదు. ఆమె అడగనూ లేదు.

ఇదే కుర్రాడు బయట పచ్చికలో బల్ల వేసుకుని నిలబడితే పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయకుండా పోయేవాళ్లు. అక్కడ అతనెవరో అందరికీ తెలుసు. లోపల కుర్చీలో కూచోగానే కాలేజీవాడైపోయాడు. కరెంటు, కుర్చీ, కాగితం పోతే పోయాయి. హెడ్మాస్టర్ కాపాడుకున్నది బల్లలను కాదు. ఆ బోర్డు మీద పిల్లలకు నమ్మకం కుదరడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆయనకు తెలుసు. మేం దాన్ని పది నిమిషాల్లో వాడుకుని పోవాలని చూశాం.

ఈ లోపలా బయటా తగువు మీద మిస్సోరీ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. కాన్సాస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీ 1977లో, మా గదుల్లో ప్రార్థనలు కుదరవని ఒక క్రైస్తవ విద్యార్థి సంఘాన్ని ఆపింది. మిగతా విద్యార్థి సంఘాలకిచ్చినట్టే వీళ్లకూ ఇవ్వాలని 1981లో కోర్టు తేల్చింది, 8-1 తేడాతో. నాకు సబబే అనిపిస్తుంది. కానీ ఆ గది గెలుచుకున్నది ఫీజు కట్టిన విద్యార్థులు, బయటి నుంచి వచ్చినవాళ్లు కాదు. మార్మన్లకా సంగతి తెలియకపోలేదు. 1926లోనే ఇడాహో రాష్ట్రంలో మాస్కో అనే ఊళ్లో, యూనివర్సిటీ పక్కనే సొంతంగా ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నారు. తర్వాత అలాంటివి ఎన్నో క్యాంపస్‌ల పక్కన వెలిశాయి. మా యూనివర్సిటీ ఊళ్లోనూ ఒకటుండేది. అక్కడ పింగ్‌పాంగ్ బల్ల ఉంది, కంప్యూటర్లే లేవు.

మా సూర్యాపేటలో కథ ఇంకో రకం. నల్లగొండకు 1890లో అబ్రహాం ఫ్రీసెన్, ఆయన తర్వాత సూర్యాపేటకు అబ్రహాం హ్యూబర్ట్ వచ్చారు. జర్మన్ మాట్లాడే మెన్నొనైట్లు, అప్పటి రష్యాలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో పుట్టినవాళ్లు, పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. ఎక్కడెక్కడి దారాలో నిజాం రాజ్యంలో ముడిపడ్డాయి. వాళ్లు ఊరివాళ్ల గదిలో దూరలేదు, సొంత కాంపౌండు కట్టుకున్నారు. మిషన్ కాంపౌండు గేటు దాటేవాడికి లోపల ఏముందో తెలుసు. ఇక జూనియర్ కాలేజీ గ్రౌండంటారా, అది ఊరందరిదీ. పొద్దున వాకింగ్‌వాళ్లు, కానిస్టేబుల్ సెలక్షన్లకు పరుగెత్తేవాళ్లు, సాయంత్రం పార్టీ మీటింగు. కార్డు గీకితే గాని తెరుచుకోని తలుపును నేను మొదట చూసింది అమెరికాలోనే.

మా కిటికీ పక్క కుర్రాళ్లలో ఒకడికి నాది హైదరాబాద్ వైపని తెలిసి కళ్లు మెరిశాయి. అక్కడ మావాళ్లు బాగా ఉన్నారన్నాడు. నిజమే. 2012 మేలో భారతదేశంలో వాళ్ల మొదటి స్టేక్, అంటే పెద్ద సంఘ విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఆ సంఘాన్ని మనవైపు తెచ్చింది తెల్లవాడు కాడని తర్వాత చదివాను. సమోవాలో ఉద్యోగం చేసుకుంటున్న మనాయన ఎడ్విన్ ధర్మరాజు, భార్య ఎల్సీ, 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి, బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించి వెళ్లారు. మార్మన్ల గ్రంథాన్ని తెనిగించిందీ ఎల్సీ తండ్రే. ఆ కుర్రాడు ఎక్కణ్నించో తెలుగు ప్రతి తెప్పించి డెస్కు మీద పెట్టాడు. మూడు నెలలుగా కాగితం మీద తెలుగు అక్షరం చూడలేదు నేను. మతం సంగతి అటుంచి, నిలబడే నాలుగు పేజీలు చదివేశాను. అతను ఆనందపడిపోయాడు. చదివింది అక్షరాల కోసమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

థాంక్స్ గివింగ్ ముందు సోమవారం సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచింది. వరస పెరుగుతోందని పిల్లలు ఫిర్యాదు చేశారు. విద్యార్థులు కానివాళ్లు లాగిన్ వాడకూడదు, నువ్వు వెళ్లి చెప్పు అంది. 1838లో ఇదే మిస్సోరీ గవర్నర్ బోగ్స్, మార్మన్లను రాష్ట్రం నుంచి తరిమేయండి, లేదా తుడిచిపెట్టండని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఉత్తర్వును అధికారికంగా రద్దు చేసింది 1976లో. అలాంటి నేల మీద, వీసా స్టాంపు తడైనా ఆరని మిర్యాలగూడ మనిషి వెళ్లి, అయ్యా తమరు లేవండని వాళ్లకు చెప్పాలి.

వెళ్లాను. హెడ్మాస్టర్ మాటే ఇంగ్లీషులో చెప్పడానికి ప్రయత్నించాను. సోఫాల్లో కూచోవచ్చు, నీళ్లు అక్కడున్నాయి, పచ్చిక మీద ఎంతసేపైనా నిలబడొచ్చు, ఈ నాలుగు సీట్లు మాత్రం పిల్లలవి. ముగ్గురు వెంటనే లేచి కోట్లు తగిలించుకున్నారు. ఊళ్లో పబ్లిక్ లైబ్రరీ ఉందిలే అనుకున్నారు. తెలుగు పుస్తకం ఇచ్చినవాడు మాత్రం లేవలేదు. తెర మీద సగం నిండిన పెట్టె.

"మా అమ్మకు. పది నిమిషాలే" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. వరసలో ముందున్న అమ్మాయి గోడ గడియారం చూసింది. పదీ నలభై ఎనిమిది.

"రాయి" అన్నాను. అన్నది తెలుగులోనని తర్వాత గానీ తెలియలేదు.