ఉసంబరా కొండపై ఒక ఆకు

కాశీయాత్రను గూర్చియు, తిరుమల మెట్లను గూర్చియు వ్రాయువారు మనలో పెక్కురు గలరు. నేను వ్రాయబూనినది ఏ దేవుని కొండను గూర్చియు గాదు. తూర్పు ఆఫ్రికాయందలి టాంజానియా దేశమున, హిందూమహాసముద్రమునకు సమీపమున, ఉసంబరా యను కొండలు గలవు. 56 ఏండ్ల వయస్సున, నొప్పిపెట్టు మోకాళ్ళతో, నే నా కొండలలో నడచి వచ్చితిని. అచ్చట నేను చేయబోయిన యొక చిన్న తప్పును మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా కుమారుడు ఉద్యోగరీత్యా దారెస్సలాము నగరమున కాపురమున్నాడు. మనుమని పెంపకమునకు సాయముగా నుండుటకై నేను రెండేండ్ల క్రిందట అచ్చటికి పోయితిని. మా కోడలు వంటయింటి కిటికీలో, ఒక చిన్న మట్టికుండలో, పూలమొక్క నొకదానిని పెంచుచున్నది. ముఖమలు గుడ్డవలె నూగుతో మెత్తనైన గుండ్రని ఆకులు. వాని నడుమ వంగపండు చాయగల చిన్న పూలు. ఒక్కొక్క పువ్వు నడుమ పసుపుచుక్క. దీనిని ఆఫ్రికన్ వయొలెట్ అందురు. హైదరాబాదులో మొక్కలమ్మువారి యొద్ద దీనిని చూచి, ఇది యే చలిదేశపు దొరసానుల మొక్కయో యని నేననుకొనియుంటిని. ఆ మాట చెప్పగా కోడలు నవ్వి, "అత్తయ్యగారూ! దీని పుట్టిల్లు ఈ దేశమే. ఇచ్చటినుండి ఒక్క పగటి ప్రయాణము" అనెను.

నాటినుండి ఆ పుట్టింటిని చూడవలెనను కోరిక నన్ను పట్టుకొన్నది. కొంత చదివి తెలిసికొంటిని. ఈ దేశము జర్మనుల యేలుబడిలో నున్న దినములలో, వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ అను అధికారి 1892 ప్రాంతమున ఈ మొక్కను కనుగొని తన దేశమునకు బంపెను. హెర్మన్ వెండ్‌లాండ్ అను వృక్షశాస్త్రవేత్త 1893లో ఆ దొరగారి యింటిపేరునే దీనికి పెట్టెను. అటుపిమ్మట ఇది లోకములోని కిటికీలన్నిటికిని ఎక్కినది. పెండ్లియైన పిల్లకు ఇంటిపేరు మారినట్లు దీనికిని మారినది. ఆపైన పుట్టింటిమాట అడిగినవారు తక్కువ.

"ఈ వయస్సున కొండలేల, అమ్మా? జారిపడినచో నేమి గతి?" అని మా అబ్బాయి యడ్డు చెప్పెను. "మెల్లగా నడతుము. నేను వెంట నుందును గదా" అని కోడలు పలికి, పిల్లవానిని తండ్రికే యప్పగించి బయలుదేరినది. అత్తాకోడండ్ర మిరువురమే కలిసి చేసిన ప్రయాణము అదియే మొదటిది.

తెల్లవారుజామున కారులో బయలుదేరి ఉత్తరముగా పోయితిమి. దారిపొడవున కిత్తనార తోటలు బారులు తీరియుండెను. ముహేజా అను ఊరు చేరునప్పటికి పొద్దు వాలినది. ఆ ఊరు నారింజలకు ప్రసిద్ధి. బాటకిరువైపుల గుట్టలుగా పోసి యమ్ముచుండిరి. అచ్చటినుండి సిగి యను చోటికి మట్టిదారి. వెనుక జర్మనులు అడవి కలపను దింపుకొనుటకు వేసిన చిన్న రైలుదారి అచ్చటి వరకు వచ్చెడిది. ఇప్పుడు రైలు లేదు. ఆ స్టేషను కట్టడము మాత్రము నిలిచియున్నది. అటుపైన మలుపులు తిరుగుచు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్న అమాని చేరితిమి. స్వాహిలీ భాషలో అమాని యనగా శాంతి. 1902లో జర్మను లచ్చట వ్యవసాయ పరిశోధనాలయమును స్థాపించి, కొయినా మొదలుగా నానాదేశముల మొక్కలను దెచ్చి నాటిరి. 1997లో చుట్టునున్న అడవిని ప్రభుత్వమువారు రక్షితవన మొనర్చిరి.

రాత్రి విడిదిలో శాలువ కప్పుకొనవలసిన చలి. అన్నము, చిక్కుడుగింజల కూర, చపాతీ పెట్టిరి. చపాతీని వారును చపాతీ యనియే పిలుతురు. నేను వెంట తెచ్చిన గోంగూర పచ్చడిని వడ్డించు ఆమెకు కొంచెము రుచి చూపితిని. ఆమె కన్నులు మూసికొని, తెరచి, ఇంకొంచెము కావలెనని చేయి చాచినది. మా స్నేహమునకు భాష యక్కరలేకపోయెను.

మరునాటి యుదయమున దారిచూపు యువకుడు వచ్చి, "షికామూ, మామా" అని తల వంచెను. షికామూ యనునది పెద్దలకు చేయు వందనము; మామా యనగా అమ్మ. మన భాషలో మామ యెవరో కోడలు చెప్పగా అతడు కడుపుబ్బ నవ్వెను. "పొలే పొలే" యని అతడు ముందు నడచెను. మెల్లమెల్లగా నని దాని యర్థము. ఆ మంత్రము నా మోకాళ్ళకు మిక్కిలి నచ్చినది.

ఆ యడవిని ఎట్లు వర్ణింతును? పలకలవలె నిలిచిన వ్రేళ్ళమీద మహావృక్షములు లేచి ఆకసమును మూసియుండెను. కొమ్మలపై నాచు, నాచుపై ఫెరనులు, వానిపై మంచుబొట్లు. నల్లని మేన తెల్లని కేశములు వ్రేలాడు కోతులు పైనుండి మమ్ము పరికించుచుండెను. ముక్కుపై రెండు కొమ్ములుగల ఊసరవెల్లి నొకదానిని అతడు చూపువరకు మేము దానిని ఆకే యనుకొంటిమి. ఒకచోట తెల్లని బోదెల చెట్లగుంపును జూపి, "ఇవి ఇచ్చటివి కావు, మామా, ఆఫ్రికా పడమటి భాగమునుండి తెచ్చి నాటినవి. ఇపుడు ఎచ్చట వెలుగు దొరకిన నచ్చట మొలచి, ఇచ్చటి చెట్లను లేవనీయవు" అనెను. తోటకై తెచ్చినది అడవిని ఆక్రమించినది.

ఈ కొండలకును మనకును ఒక చుట్టరికము గలదు. కెన్యాలోని టైటా కొండలు మొదలు దక్షిణమున ఉద్‌జుంగ్వా వరకు ఇట్టి కొండగుంపులు 13 విల్లువలె వంగి యున్నవి. హిందూమహాసముద్రముమీదుగా వచ్చు తడిగాలులు ఈ కొండలకు దగిలి వర్షించును. ఆఫ్రికా ఖండము పెక్కుమారులు ఎండిపోయిన కాలములందును ఆ తేమయే ఈ యడవులను బ్రతికించినదని శాస్త్రజ్ఞు లందురు. నడుమనున్న మైదానములు ఎండగా ఒక్కొక్క కొండ ఒక్కొక్క దీవియై, దానిలోని ప్రాణులు వేరువేరు జాతులైనవి. వెన్నెముకగల ప్రాణులలోనే, లోకమున మఱెచ్చటను లేనివి 96కు తక్కువగాక ఇచ్చట గలవని 2007లో లెక్కించిరి.

వంటయింటి సోదరీమణులకు తగిన కథ యొకటి చెప్పెదను. 1991లో ఉద్‌జుంగ్వా అడవిలో విడిసిన పక్షిశాస్త్రజ్ఞులకు కూరకుండలో వింతయైన పక్షిపాదములు గనబడెను. ఆ పాదముల పక్షి యేదని వెదకగా, అదివరకు శాస్త్రమెరుగని యొక కౌజువంటి పక్షి బయటపడినది. దాని దగ్గరి చుట్టములు ఆఫ్రికాలో లేవు. ఆసియా కొండలలో నున్నవి! శాస్త్రములు పుట్టుటకు వంటకుండయు ఒక చోటే యని తెలిసి నాకు గర్వము గలిగెను.

రెండు గంటలు నడచిన పిమ్మట ఒక వాగు చప్పుడు వినబడెను. వాగుకు ప్రక్కన తడిబండ. దానిమీద ఎండ పడదు. ఆ బండ సందులలో నా మొక్క యున్నది! మా కిటికీలోనిదానికంటె చిన్నది, ఆకులపై మట్టిచిందులు, పూలు మూడే. మేడలో చూచిన పిల్లను పుట్టింటి వాకిట పాతచీరతో చూచినట్లుండెను. నాకు కన్నులు చెమర్చినవి.

అంతలో నా చేయి ముందునకు సాగినది. మనకందరకు నున్న అలవాటే గదా! ఏ యింటికి పోయినను, కనకాంబరమో గులాబియో కనబడిన, ఒక కొమ్మ త్రుంచుకొనిగాని రాము. అడుగక తెచ్చిన కొమ్మయే బాగుగ నాటుకొనునని నవ్వుకొందుము. ఈ మొక్కకు కొమ్మయైన నక్కరలేదు. కాడతో ఒక్క ఆకు చాలును. తడి రుమాలలో చుట్టి తీసికొనిపోవలెనని కాడను వ్రేళ్ళతో పట్టుకొంటిని.

"వలదు, మామా" అని ఆ యువకుడు మెల్లగా ననెను.

"ఒక్క ఆకే గదా, నాయనా! మొక్క చావదు. నాకు పెంచుట తెలియును" అంటిని. కోడలు ఆ మాటను వాని భాషలో చెప్పుటకు కొంచెము జంకినది.

అతడు కోపపడలేదు. "మామా! ఈ బండమీద ఎన్ని మొక్కలున్నవో మీరు లెక్కింపుడు. ఈ దారిని వచ్చువారిని నేను లెక్కింతును" అనెను.

లెక్కించితిని. 11 మొక్కలు. ఆవలిబండపై ఒకటియు లేదు. ఈ జాతిలో కొన్ని రకములు ఇట్టి ఒకటిరెండు చోట్లనే మిగిలియున్నవనియు, పైనున్న చెట్టు కూలి ఎండ తగిలిన చాలు నశించుననియు అతడు చెప్పెను. నా చేయి వెనుకకు వచ్చినది. ఆకు త్రుంచలేదు, అయినను త్రుంచినంత సిగ్గు కలిగెను. నా బిడ్డ యీడువాడు నాకు బుద్ధి చెప్పెనని గాదు. నా యింట అదే మొక్క యున్నది. ఆకు కావలసినచో దానినుండియే తీసికొనవచ్చును. అయినను పుట్టింటినుండి తెచ్చితినని చెప్పుకొను గొప్పకై నా చేయి సాగినదని నాకు తెలియును.

ఇంతటితో ముగిసినచో ఇది సులభమైన నీతికథ యగును. కాని దిగువకు వచ్చునపుడు వాన కురియగా, ఊరి చివర నొక యింటి పంచలో తలదాచుకొంటిమి. ఆ యింటి యిల్లాలు నా యీడుది. రెండు తుంటల కాంగా గుడ్డ కట్టియుండెను. దాని యంచున సామెత యచ్చు వేసియుండును. మాకు చాయ్ ఇచ్చెను. దానిలోని పరిమళము నాకు తెలిసినదే. "ఇలికి" అనెను. ఏలకులు! ఈ కొండలలో పెద్దచెట్ల నీడను ఏలకులు పండింతురని అపుడు తెలిసినది.

ఆమె తన కథ చెప్పగా కోడలు తెలుగుచేసెను. ఆమె పెనిమిటి అడవి లోపల ఏలకి తోట వేసెనట. ఆ పైకముతోనే పిల్లల చదువు సాగెనట. పిమ్మట ఆ యడవితుంట రక్షితవనములో చేరెను. మొక్కలకు కొంత పరిహారమిచ్చిరి. అది ఇల్లు కప్పించుటతో సరిపోయెను. "చెట్టు నీరిచ్చునని వారు చెప్పుదురు. అది మాకును తెలియును. నీరు పట్టణమునకు పోవును. చూడవచ్చువారు పువ్వు చూచి పోవుదురు. మా ఏలకులు మాత్రము పోయినవి" అనెను. ఆమె మాటలో ఏడ్పు లేదు, లెక్క యున్నది.

తిరిగి నడచునపుడు ఆ యువకుని అడిగితిని. ఏలకికై అడవి క్రిందిభాగమంతయు నరుకుదురనియు, మొలకలు లేనందున ముసలిచెట్లు పడిన పిమ్మట వాని స్థానమున మఱి లేవవనియు, కొన్నేండ్లకు పంట తగ్గగా మిగిలిన చెట్లనుగూడ కొట్టి మొక్కజొన్నయో అరటియో వేయుదురనియు చెప్పెను. కొంత యూరకుండి, "ఆమె మా పెదతల్లి" యనెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను మానినది ఒక ఆకు. దానివలన నాకు పోయినది ఒక ముచ్చట. ఆమె మానినది ఒక జీవనము. ఇరువురమును అడవికొఱకే మానితిమి; కాని ఇరువురి మానుటయు సమానము గాదు. సిగి యేటి నీరు టాంగా పట్టణమునకు పోవును. అట్లే ఉలుగురు కొండలలో పుట్టు రువు నదియే మా దారెస్సలాము కుళాయిలలో వచ్చును. నేను ప్రతిదినము బియ్యము కడుగు నీరు ఏ యిల్లాలి తోటను మాన్పించి వచ్చినదో! అడవి నిలువవలెను, ఇందులో నాకు సందేహము లేదు. కాని దాని వెల యంతయు కొండమీది పేదయిల్లాలే చెల్లింపవలయుననుట న్యాయమా? దీనికి నా యొద్ద సమాధానము లేదు. మరునాడు పోయి, ఆమె పెరటిలో నీడకు మిగిలిన ఏలకులను అరకిలో కొంటిని. ఆమె చెప్పిన ధరకు బేరమాడలేదు. కూరగాయలవానితో అర్ధరూపాయకు పోరాడు నేను బేరమాడకుండుట చూచి కోడలు విస్తుపోయినది.

ఇల్లు చేరిన పిమ్మట కిటికీలోని మొక్కనుండియే ఒక ఆకు తీసితిని. మీలో ఎవరికైన ఉపయోగపడును గనుక వ్రాయుచున్నాను: ముదురును లేతయును గాని ఆకును రెండంగుళముల కాడతో కోసి, ఇసుక కలిపిన తడిమట్టిలో వాలుగా గ్రుచ్చి, ఎండతగులని వెలుగులో నుంచవలెను. ఆకులమీద నీరు పోయరాదు, మచ్చలు పడును. కొన్ని వారములకు వ్రేళ్ళు దిగును. రెండుమూడు నెలలకు కాడ మొదట పిల్లమొక్కలు తల లెత్తును. నా ఆకునకు నాలుగు వచ్చినవి. ఇరుగుపొరుగువారికి మూడు పంచితిని. ఇచ్చునపుడు ప్రతివారికి దీని పుట్టింటి పేరు చెప్పితిని. అడవిలో కనబడిన త్రుంచవలదనియు చెప్పితిని.

మొన్న మనుమని పుట్టినరోజున పాయసము కాచితిని. ఏలకులు దంచుచుండగా వంటయిల్లంతయు ఆ వానదినపు పంచవలె పరిమళించెను. కోడలు నా ప్రక్కన నిలిచి, "అత్తయ్యగారూ! ఈ డబ్బా నిండుకొన్నది. మరల ఎప్పుడు పోదము?" అని యడిగెను.

"మోకాళ్ళ నడిగి చెప్పెదను, అమ్మాయీ" అంటిని. అవి ఇంకను బదులు చెప్పలేదు, వలదనియు ననలేదు.