క్రీటు దీవిలో ఆరున్నొక్కటి

ఒంటి మనిషి ప్రయాణమంటే మనవాళ్ళకు మొదటినుంచీ గిట్టదు. ముగ్గురు కలిసి బయలుదేరితే ఒక దోషం, ఒక్కరే బయలుదేరితే వంద ప్రశ్నలు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు ఆయన వెంట నూరుమందికి పైగా ఉన్నారు. ఆ అలవాటు మనలో ఇంకా పోలేదు. ఈనాటికీ మా రాజమండ్రి నుంచి కాశీకి వెళ్ళే యాత్రా బస్సు చూడండి. వంటవాడూ, గుండిగలూ, పచ్చడి జాడీలూ - ఒక వీధి వీధంతా చక్రాల మీద కదిలిపోతున్నట్టుంటుంది. అందులో ఏ ముసలమ్మ అయినా ఒక్కతే వచ్చినా, మొదటి మజిలీ దాటేలోగా ఎవరికో పిన్నిగారూ, ఇంకెవరికో అక్కయ్యగారూ అయి కూర్చుంటుంది.

ఇంగ్లీషువాళ్ళకు ఈ వరసలు లేవు. ఒంటివాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. అందుచేత వాళ్ళొక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరికి వారు డబ్బు కట్టి, ముక్కూ మొగమూ తెలియని పదిమందితో కలిసి ఎక్కడికో వెళ్ళి సెలవులు గడిపి వస్తారు. ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి నన్ను అలాంటి గుంపులోకి తోసింది. "నాకు సెలవు లేదు, ఆయనకు తీరిక లేదు. నాలుగు గోడల మధ్య కూర్చుని ఏం చేస్తావమ్మా? వెళ్ళిరా" అంది. నాకు అరవైయారేళ్ళు. ముప్పైయేళ్ళు బడిలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మావారు పోయి మూడేళ్ళయింది. వీసా సంగతీ, విమానం సంగతీ చెప్పి పాఠకులను విసిగించను. జూన్ రెండో వారంలో క్రీటు దీవిలో హన్యా అనే పట్టణంలో దిగాను.

గ్రీసు దేశపు దీవులన్నిటిలోకీ క్రీటు పెద్దది. తూర్పు నుంచి పడమరకు సుమారు 260 కిలోమీటర్ల పొడవు. వెడల్పు మాత్రం ఒకచోట పన్నెండు కిలోమీటర్లే. దీవి పొడవునా వెన్నెముకలాగా కొండలు. ఉత్తరపు ఒడ్డున పట్టణాలు; దక్షిణాన కొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోతాయి, ఆ నీటికి అవతలిది ఆఫ్రికా. హన్యా రేవులో వెనీసువాళ్ళు కట్టిన ఓడల కొట్టాలున్నాయి. పక్కనే సుల్తానుల కాలం నాటి మసీదు ఉంది. వెనీసు చేతిలోనుంచి 1645లో ఈ ఊరు టర్కీ సుల్తానుకు పోయింది. 1898లో సుల్తాను సేనలు వెళ్ళిపోయాయి, 1913లో దీవి గ్రీసులో కలిసింది. ఇంత చరిత్రనూ రేవు చుట్టూ ఒక్క ప్రదక్షిణంలో చూసెయ్యవచ్చు.

చరిత్ర కంటే ముందు నాకు అనుభవానికి వచ్చింది గది సంగతి. ఈ టూరు కంపెనీల లెక్క ప్రకారం గదికి ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటామంటే అదనంగా కట్టాలి. ఒంటరిగా నిద్రపోయినందుకు జరిమానా అన్నమాట! మా కంపెనీ దీనికొక విరుగుడు కనిపెట్టింది. ఇష్టమైతే ఆడవాళ్ళను ఆడవాళ్ళతో, మగవాళ్ళను మగవాళ్ళతో జతచేస్తుంది. నాకు జత అయినావిడ వేల్సు దేశస్థురాలు, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి మానేసినామె. నాకంటే రెండేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. మొదటి రాత్రి మేమిద్దరం ఒకరికొకరు ఇబ్బంది కలిగించకూడదని ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్నట్టు నటిస్తూ తెల్లవార్లూ మేలుకున్నాం. తెల్లారి ఆవిడే ఆ సంగతి బయటపెట్టింది. నవ్వుకున్నాం. రెండో రాత్రి నుంచి ఆవిడ గురక పెట్టింది. నేనూ పెట్టానని ఆవిడ అంటుంది, నమ్మనవసరం లేదు.

మేము మొత్తం పద్నాలుగుమందిమి. తొమ్మిదిమంది ఒంటిగా వచ్చినవాళ్ళే. మాకు దారి చూపేది పాతికేళ్ళ గ్రీకు అమ్మాయి. బస్సెక్కినా, కొండ దిగినా, కాఫీ తాగినా లేచే ముందు తలలు లెక్కపెట్టడం ఆ అమ్మాయి పని. ఆలస్యం కాకుండా మా అందరికీ వరసగా అంకెలిచ్చి, ఎవరి అంకె వారు గ్రీకులో అరవాలని నియమం పెట్టింది. ఎన, దియో, త్రియా, తెస్సెర, పెందె, ఎక్సి, ఎఫ్తా, ఒఖ్తో, ఎన్నియా, దెకా... నోట్లో వేసుకుని నమిలి చూడండి: ద్వి, త్రి, పంచ, షట్, సప్త, అష్ట, నవ, దశ! మిగతావాళ్ళు కాగితాల మీద రాసుకుని వల్లెవేస్తుంటే నాకు గంటలో వచ్చేశాయి. క్లాసులో మొదటిదాన్నయినంత గర్వపడ్డాను.

నాకొచ్చిన అంకె ఏడు. మా అమ్మమ్మ ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. ఏడు అనేది కాదు, "ఆరున్నొక్కటి" అనేది. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని. ఇది నా జత నర్సుకు చెప్పాను. ఆవిడ నోరు తిరక్కపోయినా "ఆరు - ఒక్కటి" అని పట్టుకుంది. ఆ పూటతో గుంపులో నా పేరు మాసిపోయి అదే స్థిరపడింది. పిన్నిగారి వరస కాకపోయినా, పిలుపంటూ ఒకటి దొరికింది.

తిండి విషయంలో నేను భయపడ్డంత ఏమీ జరగలేదు. గ్రీకు చర్చివారికి ఉపవాస దినాలు సంవత్సరంలో సగం దాకా ఉంటాయి. ఆ రోజుల్లో మాంసమూ, పాలూ, గుడ్లూ ముట్టరు. అందుచేత కూరగాయల వంట వాళ్ళకు కొత్తకాదు. రెండో రాత్రి ఒక పూటకూటి ఇంట్లో "వ్లీతా" అని ఉడికించిన ఆకుకూర తెచ్చిపెట్టారు. మీద ఆలివు నూనె, నిమ్మరసం. కాడ పట్టుకుని చూశాను - తోటకూర! సందేహం లేదు, ముప్పైయేళ్ళు పిల్లలచేత బొమ్మలు వేయించినదాన్ని. పక్క పళ్ళెంలో టొమాటోలతో కలిపిన ఆకు మన గంగవాయిలి కూర. వాళ్ళు "గ్లిస్త్రీదా" అంటారు. ఇంగ్లీషువాళ్ళు అనుమానంగా ఫోర్కుతో పొడిచి చూస్తుంటే, నేను చేత్తో తీసుకుని తినేశాను. అది చూసి ఇంటావిడ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, నల్లచీర వంటి నల్లగౌనుకు చేతులు తుడుచుకుంటూ ఏదో అడిగింది. మా గ్రీకు అమ్మాయి అర్థం చెప్పింది: "మీ పరేయా ఎవరని అడుగుతున్నారు."

పరేయా అంటే కలిసి తిరిగేవాళ్ళు, కలిసి కూర్చుని తినేవాళ్ళు. మన "జట్టు" దగ్గరగా వస్తుంది, "పంక్తి" ఇంకా దగ్గర. ఏం చెప్పాలో నాకు తోచలేదు. వీళ్ళు నా పరేయా అనడానికి పరిచయం అయి రెండురోజులు. లేదనడానికి నోరు రాదు. ఇంతలో నర్సు తన ఫోర్కు ఎత్తి బల్ల చుట్టూ తిప్పి చూపించింది. ఇంటావిడ తల ఊపి, నాకు మరికొంచెం తోటకూర తెచ్చింది.

క్నోసస్ శిథిలాల దగ్గర ఒక రోజంతా గడిచింది గాని దాన్ని గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. హెరాక్లియో వర్తకుడు మినోస్ కలోకైరినోస్ 1878లోనే అక్కడ తవ్వి పెద్దపెద్ద మట్టి గాబులు బయటపెట్టాడు. 1900 నుంచి ఆర్థర్ ఎవాన్స్ అనే ఇంగ్లీషాయన రాజమందిరమంతా తవ్వించి, కూలినచోట సిమెంటుతో నిలబెట్టాడు. ఆ సిమెంటు మంచిదా చెడ్డదా అని మావాళ్ళు బస్సులో హోరాహోరీ వాదించుకున్నారు. నన్ను ఆకర్షించినవి అక్కడ దొరికిన మట్టిపలకలు. వాటి మీది లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఆయన ఛేదించాడు. ఆయన పండితుడు కాదు, ఇళ్ళకు నమూనాలు గీసే ఆర్కిటెక్టు. ఇంతా కష్టపడి చదివితే, అందులో కావ్యాలేవీ లేవు. ఎన్ని గొర్రెలు, ఎంత నూనె, ఎవరికెంత కూలి! మూడువేల ఏళ్ళ పైమాటప్పుడు కూడా ఆ దీవిలో ఎవరో ఒకరు తలలు లెక్కపెడుతూనే ఉన్నారు.

ఇక సమరియా లోయ సంగతి. అసలు దీనికోసమే గుంపు వచ్చింది. ఒమలోస్ అనే మైదానం అంచున సుమారు 1,230 మీటర్ల ఎత్తున మొదలై, దక్షిణాన లిబియా సముద్రపు ఒడ్డుదాకా పదహారు కిలోమీటర్ల ఇరుకు లోయ. దిగడం మొదలుపెట్టాక నడుమ ఇంకో దారి లేదు. అడుగున ఉన్న అగియా రూమేలి గ్రామానికి రోడ్డే లేదు, సాయంత్రం పడవ మీద బయటపడవలసిందే. ఆ పడవ ఎవరికోసమూ ఆగదు.

ముందురోజు రాత్రి గ్రీకు అమ్మాయి ఇంకో ఉపాయం కూడా చెప్పింది. నడవలేనివాళ్ళు బస్సులో స్ఫాకియా రేవుకు వెళ్ళి, అక్కడినుంచి పడవలో అగియా రూమేలి చేరి, కిందినుంచి కొంతదూరం లోయలోకి వెళ్ళి చూసి రావచ్చు. మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు చేతులెత్తారు. తరువాత ఎవరూ నావైపు చూడలేదు. వాళ్ళు మర్యాదస్థులు, అందరూ తమ తమ కాఫీ కప్పుల్లోకి చూశారు. అంతకు రెండురోజుల ముందు ఇంబ్రోస్ లోయలో ఎనిమిది కిలోమీటర్లు నడిచినప్పుడు అందరికంటే అరగంట వెనక వచ్చినదాన్ని నేనే మరి.

ఒంటరిగా గుంపులో చేరిన మనిషికి అసలు భయం తోడు లేకపోవడం కాదు, బరువు కావడం. మొగుడైతే విసుక్కుంటాడు, పిల్లలైతే కసురుతారు, ఆపైన వాళ్ళే మోస్తారు. పరాయివాళ్ళు విసుక్కోరు. అదే వచ్చిన చిక్కు. నేను పడవ ఎక్కి వస్తానని చెప్పడానికే నోరు తెరిచాను. ఇంతలో బల్ల చివరనుంచి ఒకాయన గొంతు సవరించుకున్నారు. యార్క్‌షైరులో నలభైయేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన తపాలా ఆయన. నాలుగురోజుల్లో నాలుగు మాటలు మాట్లాడి ఉండరు. "ప్రతి గుంపుకీ చిట్టచివర నడిచే మనిషి ఒకరుండాలి. రేపు నేనుంటాను. నాకు తొందర లేదు" అన్నారు, ఎవరినీ చూడకుండా. నేను వస్తానన్నాను.

ఉదయం ఏడుగంటలకు లోయ తలుపు దగ్గరున్నాం. అక్కడ ఇచ్చే టిక్కెట్టు పారేయకూడదు. కింద గేటు దగ్గర మళ్ళీ చూపించాలి. లోపల ఎవరూ చిక్కుకుపోకుండా కాపలావాళ్ళకు అదొక లెక్క. లోయలో రాత్రి ఉండనివ్వరు. కాళ్ళు బెణికినవాళ్ళను మోసుకురావడానికి కంచరగాడిదలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని చూశాను. అదీ నన్ను చూసింది.

మొదటి మూడు కిలోమీటర్లూ మెలికలు తిరిగే దిగుడు. తిరుపతి మెట్లు ఎక్కినవాళ్ళకు ఆయాసం తెలుసు. దిగడంలో ఆయాసం ఉండదు, మోకాళ్ళు మాత్రం ప్రతి అడుగుకూ సాక్ష్యం చెబుతాయి. దారికి రెండువైపులా దేవదారు జాతి చెట్లు, సైప్రస్ చెట్లు. గంటలో మావాళ్ళందరూ కనుమరుగయ్యారు. నా వెనక పదిగజాల దూరంలో ఒక జత బూట్ల చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. నేను ఆగితే ఆయన తన బూటు తాడు సరిచేసుకుంటారు. ఆ తాళ్ళను అన్నిసార్లు ఎవరూ సరిచేసి ఉండరు.

మావారిది చురుకైన నడక. కొండెక్కినా, గోదావరి గట్టున సాయంత్రం షికారుకు వెళ్ళినా పదిగజాలు ముందుండేవారు. ముప్పైయెనిమిదేళ్ళు ఆయన వీపు చూస్తూ నడిచాను. ఆయన పోయాక ఎక్కడ నడిచినా ముందు ఖాళీగా కనిపించేది. ఇప్పుడు ముందు లోయ ఉంది. ఎంత దూరంలో అడుగు వెయ్యాలో నేనే చూసుకుంటున్నాను. అలా నడిచి అలవాటు లేదు నాకు.

సగం దారిలో సమరియా గ్రామం. ఈజిప్టు మేరీ అనే పుణ్యస్త్రీ పేరిట అక్కడున్న చర్చిని "ఓసియా మరియా" అంటారు, దాన్నుంచే సమరియా అయింది. 1962లో లోయను రక్షిత వనంగా ప్రకటించి ఊరివాళ్ళను తరలించారు. ఇప్పుడు రాతి ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. అక్కడ రాతి బల్ల మీద కూర్చుని మా పొట్లాలు విప్పాం. క్రీక్రీ అనే అడవిమేక ఒకటి వచ్చి మా రొట్టె మీద కన్నేసింది. తపాలా ఆయన దాన్ని చేత్తో అదిలించి, "కుక్కలకంటే నయం" అన్నారు. వృత్తి అనుభవం!

దిగువన లోయ బిగుసుకుంటుంది. "ఇనుప తలుపులు" అనేచోట రెండు గోడల మధ్య నాలుగు మీటర్లే. గోడలు మాత్రం మూడువందల మీటర్ల దాకా లేస్తాయి. మా పాపికొండల దగ్గర గోదావరి సన్నబడుతుందంటారు గాని అక్కడ నది పెద్దమనిషిలా తలవంచి వెళుతుంది. ఇక్కడ చిన్నవాగు, అరుచుకుంటూ పరిగెత్తుతుంది. వాగు పొడవునా గన్నేరు పూలు, గులాబీరంగువి. "మా ఊళ్ళో వీటిని దేవుడికి పెడతాం, ఇంట్లో మాత్రం పశువులను దగ్గరికి పోనివ్వం, విషం" అన్నాను. ఆయన ఆ పేరు రెండుసార్లు చెప్పించుకున్నారు. "గన్నేరు." మూడోసారి సరిగానే అన్నారు.

కింద గేటు దగ్గర టిక్కెట్టు చూపించినప్పుడు మూడు దాటింది. ఎనిమిది గంటలకు పైనే పట్టింది నాకు. అక్కడినుంచి ఊరిదాకా ఎండ. 1941 మే నెలలో జర్మన్ సేనలు దీవి మీద దిగినప్పుడు గ్రీసు రాజు రెండవ జార్జి ఈ కొండలు నడిచి దాటి, ఈ అగియా రూమేలి దగ్గరే ఓడ ఎక్కి ఈజిప్టు వెళ్ళిపోయాడు. ఆయన కాళ్ళ సంగతి చరిత్రకారులు రాయలేదు.

మావాళ్ళందరూ ఒక పందిరి కింద భోజనం ముగించి సముద్రంలో ఈతకొడుతున్నారు. నాకోసం ఎవరూ ఆకలితో కూర్చోలేదు. ఆ దృశ్యం చూసి నాకెంత హాయి అనిపించిందో చెప్పలేను! నా భోజనం నేను చేశాను. పడవకు ఇంకా గంటన్నర ఉంది.

పడవలో గ్రీకు అమ్మాయి లెక్క మొదలుపెట్టింది. ఎన, దియో, త్రియా... ఎక్సి తరువాత నేను "ఎఫ్తా" అన్నాను. పద్నాలుగూ సరిపోయాయి. నర్సు బూట్లు విప్పి కాళ్ళు బల్ల మీద పెట్టి బొబ్బలు లెక్కపెట్టింది. ఆవిడకు నాలుగు, నాకు రెండు. తపాలా ఆయనను కూడా విప్పమంది. "నలభైయేళ్ళు వీధులు తిరిగిన కాళ్ళండీ, వీటికి ఆ సరదాలు లేవు" అని ఆయన కదలకుండా కూర్చున్నారు. స్ఫాకియా వచ్చేదాకా ఒక్క తాడు కూడా ముడి విప్పలేదు.