పితికిన పప్పు ఎవరి వేళ్ళతో?

డిసెంబరు వచ్చి మంచు పడటం మొదలైతే చాలు, మా హిందూపురం మార్కెట్లో ఎక్కడ చూసినా అనపకాయల గుట్టలే. కాయ పట్టుకుంటే వేళ్ళకు జిడ్డు అంటాలి, కడుక్కున్నా ఆ వాసన పోకూడదు. అదీ మంచి కాయ. చెనిక్కాయ చేలో సాళ్ళ మధ్య వేసిన అనప, చెనిక్కాయ పీకేశాక కూడా నిలబడి చలికాలంలో కాపుకొస్తుంది. పెనుకొండ దగ్గర మా ఆడబిడ్డ వాళ్ళ చేలోంచి ఏటా సంక్రాంతి లోపల ఒక సంచి మా ఇంటికి చేరుతుంది.

గింజలు ఒలిచి, కొన్ని గంటలు నానబెట్టి, ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు బయటికి దూకుతుంది. అదే పితికిన పప్పు. ఆవు పాలకు వాడే మాటే దీనికీ. మా పక్కింటి కన్నడం వాళ్ళు హితికిద బేళె అంటారు. మన పాలు వాళ్ళకు హాలు అయినట్టే ఇదీనూ.

వండటం సులువే. ఎర్రగడ్డ, ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు, చిన్న అల్లం ముక్క, రెండు చెంచాల ధనియాలు, ఆరు ఎండుమిరపకాయలు, కాస్త చెక్క, రెండు లవంగాలు నూనెలో వేయించి, అరచిప్ప పచ్చి టెంకాయ, చెంచాడు గసగసాలు చేర్చి మెత్తగా రుబ్బుకోండి. ఆవాలు, కరివేపాకు తిరగవాత పెట్టి, టమోటా మగ్గాక పప్పు, పసుపు వేసి, నీళ్ళు పోసి సన్నమంట మీద ఉడికించండి. కుక్కర్ వద్దు, ముద్దయిపోతుంది. పప్పు మెత్తబడ్డాక ఒక గరిటెడు తీసి మెదిపి అందులోనే కలిపేయండి. రుబ్బిన మసాలా, ఉప్పు వేసి ఇంకో పది నిమిషాలు. చుక్క మీగడ లేకుండానే మీగడలా చిక్కబడుతుంది. వేడి రాగిసంగటిలోకి ఇక వేరే కూర అడగరు.

కష్టమంతా పితకడంలోనే ఉంది. రెండు కిలోల కాయ ఒలిస్తే కిలో గింజలు కూడా రావు. తోలు పోయాక ఇంకా తగ్గుతాయి. ధర్మవరంలో మా పుట్టింట్లో మగ్గం ఉండేది. జిడ్డు చేతులతో పట్టు ముట్టుకోకూడదు కాబట్టి అమ్మ మగ్గం దిగాక, రాత్రి అందరం తిన్నాక గింజల ముందు కూర్చునేది. పొద్దంతా నేసిన వేళ్ళకు అది రెండో పని. ఇక్కడ అత్తగారింట్లో ఆ పని మా అత్తది. నిరుడు ఆమె వేళ్ళ కణుపులు వాచిపోయాయి. గింజ నొక్కితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

"పితికిందే అమ్ముతున్నారు కదా, కొనుక్కుందాం" అన్నారు మా ఆయన. అత్తతో సహా ముగ్గురం మార్కెట్‌కు వెళ్ళాం. ఒకామె బేసిన్ ముందు కూర్చుని పితుకుతూనే అమ్ముతోంది. నీళ్ళల్లో నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. కాయల ధరకు ఎన్నో రెట్లు చెప్పింది. మా ఆయన బేరం మొదలుపెట్టారు.

"బేరం చెయ్యొద్దు నాయనా" అంది అత్త. "ఆ యమ్మ వేళ్ళకు కూడా కలిపి చెప్పింది. నా వేళ్ళకు మీ నాయన ఎప్పుడూ లెక్క కట్టలే."

నవ్వుతూనే అంది. మా ఆయన మాత్రం నవ్వలేదు. అడిగినంతా ఇచ్చారు.

ఈ ఏడు పెనుకొండ సంచి రాగానే ఆయనే చాప పరిచారు, మా అబ్బాయినీ కూర్చోబెట్టారు. అత్త కుర్చీలో కూర్చుని "తోలు పడింది, తియ్" అని చెబుతూ ఉంది. అరగంట పితికినా వాడి గిన్నెలో గ్లాసెడు పప్పు కాలేదు. "నాన్నమ్మా, ఇన్నేళ్ళూ ఇదంతా నువ్వొక్కదానివేనా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు, వాడి గిన్నెలోంచి ఇంకో తోలు ఏరి పారేసింది.

మీ ఇంట్లో ఎవరు పితుకుతారు? కొనేవాళ్ళైతే, దయచేసి ఆ ఒక్క పప్పు దగ్గర బేరం ఆడకండి.