పాచి

తెలుగులో పాచి అన్న మాట చాల పనులు చేస్తుంది. మిగిలిపోయి చెడిన అన్నము పాచిపోయినది. నూతిగట్టు మీద కాలు జారించే పచ్చని పొర పాచి. తెల్లవారి లేచి ఇల్లు ఊడ్చి, అంట్లు తోమే పని పాచిపని. ఈ మూడింటికి గల చుట్టరికము నాకు నిఘంటువులో గాక, మా ఇంటి గాజుతొట్టిలో తెలిసినది. మొదటిది రెండవదానిని కంటుంది. రెండవదానికి మందు మూడవది.

ఆ తొట్టి ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా ముందుగదిలో ఉన్నది. 200 లీటర్ల ఉప్పునీరు, కొన్ని నత్తలు, రెండు క్లౌన్ చేపలు. చేపలు సముద్రములో పట్టినవి కావు, తొట్లలో పొదిగించి పెంచినవి. రాళ్ళు మామూలు రాళ్ళే. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో రాతిపగడాలను చేర్చిన తరువాత వాటిని సముద్రమునుండి తీయడము నేరము. ఈ ఊరు ఎఱ్ఱని లాటరైటు నేల మీద లేచిన రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణముల వైపు నుండి మనవారు వచ్చి తరతరాలుగా ఇక్కడ కాపురమున్నారు. మా నాన్నగారు అట్లా వచ్చినవారి కుమారులు. కర్మాగారములో బాయిలర్ల పని చేసి విరమించినారు. భీమిలి సముద్రము ఆయనకు చిన్ననాడు సెలవులలో మాత్రమే దొరికేది. మా అమ్మ పోయిన తరువాత ఆయన కుర్చీ ఈ తొట్టికి ఎదురుగా చేరినది. పూటపూటకు ఒక చిటికెడు మేత వేయడమే ఆయన దినచర్య. ఆయన నీడ పడగానే చేపలు పైకి వస్తాయి. ఆ వయస్సులో తన కోసము ఎదురుచూచే ప్రాణి ఒకటి ఉండడము చిన్న సంగతి కాదు.

కొత్త తొట్టిలో మొదట గోధుమరంగు ధూళివంటి పొర వస్తుంది. అది డయాటములనే సూక్ష్మజీవులది. అవి నీటిలోని సిలికాతో గాజువంటి పెంకులు కట్టుకొంటాయి. సిలికా తరిగితే తామే తగ్గుతాయి. తరువాత వచ్చేది జుట్టువలె వ్రేలాడే పచ్చని నాచు. ఎఱ్ఱని జిగురు తెర మరొకటి. అది నిజానికి నాచు కాదు, సయనోబాక్టీరియా. పేర్లు వేరైనా వీటి ఆహారము ఒకటే: వెలుతురు, నైట్రేటు, ఫాస్ఫేటు. చేప తిని విసర్జించినదానిలోను, తినక విడిచినదానిలోను ఉన్న నత్రజని మొదట అమ్మోనియాగా, పిదప నైట్రైటుగా, చివరకు నైట్రేటుగా మారి నీటిలో పోగుపడుతుంది. ఒక వేసవి ముగిసేసరికి మా తొట్టిలో రాళ్ళు కనబడకుండ పోయినవి.

చంపే మందులు లేకపోలేదు. కాని రాగి కలిసిన మందు నత్తలను కూడ చంపుతుంది. చచ్చిన నాచు కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించి, తాను మింగినదంతా తిరిగి నీటికే అప్పగిస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరిలో, వెచ్చబడిన నీటిలో ప్రాణవాయువు ముందే తక్కువ. దీపమును రోజుకు 8 గంటలకు తగ్గించి, కిటికీకి తెర కట్టినాము. నీరు మార్చడమూ మంచిదే. అయితే లెక్క చూడండి. వారమునకు 20 లీటర్లు, అనగా పదవవంతు, మార్చితే లీటరుకు 40 మిల్లిగ్రాములున్న నైట్రేటు 36కు దిగుతుంది. ఆ వారపు మేత వలన మరి 4 చేరితే మనము ఉన్నచోటనే ఉన్నట్లు. ఆ 20 లీటర్లకు, లీటరుకు 35 గ్రాముల చొప్పున, 700 గ్రాముల ఉప్పు ప్రతివారము కావలెను.

కనుక చిక్కు మేతలోనే ఉన్నది. మేత తగ్గించుమని చెప్పడమంటే, ఆ వృద్ధుని చేతిలో మిగిలిన ఒక్క పనిని కూడ తీసివేయడమే. నాకు నోరు రాలేదు.

1850 ప్రాంతమున లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచినాడు. ఆకులు కుళ్ళి, గాజుకు పాచి పట్టి నీరు చెడసాగినది. ఆయన అందులో నత్తలను దింపినాడు. అవి కుళ్ళును, పాచిని మేసినవి. పాత్ర నిలకడకు వచ్చినది. ఇండ్లలో చేపలను పెంచే విద్యకు వేసిన పునాదులలో అదొకటి. అయినా నత్త మేసినది మరల నీటిలోనే విడుస్తుంది. తొట్టిలోనుండి బయటకు పోవలసినది బయటకే పోవలెను. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. అందుచేత ప్రక్కన ఒక చిన్న పెట్టెలో కీటోమార్ఫా అనే మరొక నాచును పెంచినాము. దానికి రాత్రి దీపము. అది అదే నైట్రేటును తిని పెరుగుతుంది. పెరిగినదానిని గుప్పెడు గుప్పెడుగా తీసివేస్తే, దానితో నైట్రేటూ పోతుంది.

ఈ ఏర్పాటును నాన్నగారు చాలసేపు చూచినారు. "బాయిలరులో నీళ్ళు ఆవిరైపోతాయి నాయనా, నీళ్ళలో ఉన్నది పోదు. అడుగు వాల్వు తెరచి మడ్డి వదలకపోతే ఇంజను బ్రతకదు," అన్నారు. ఆవిరి ఇంజన్ల కాలము బ్రాడ్‌గేజి మీద 1995తో తీరినది. ఆయన మాటలో మాత్రము తీరలేదు. తొట్టిలో ఇగిరిన నీటికి బదులు ఉప్పునీరు గాక మంచినీరే ఎందుకు పోయవలెనో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. "లోపలికి పోయేదీ చూసుకోవాలి," అని తానే అన్నారు. ఆ పైన కొంతసేపు మాట్లాడలేదు.

మరునాడు, తాను మందుబిళ్ళలు వారమునకు సర్దుకొనే గదులపెట్టె వంటిదే మరొకటి తెప్పించుమన్నారు. ఒక్కొక్క గదిలో ఒకరోజు మేత. దానినే మూడు పాళ్ళు చేసి మూడు పూటలు వేస్తారు. పూటలు తగ్గలేదు, చిటికె తగ్గినది. చేపలు మునుపటి వలెనే పైకి వస్తున్నాయి. తెల్లవారగానే గాజు తుడిచే పాచిపని కూడ ఆయనే పుచ్చుకొన్నారు.

తొట్టిలో జరిగేదే సరస్సులలోను జరుగుతుంది. ఈరీ సరస్సును నాచు కమ్మినప్పుడు అమెరికా, కెనడా దేశాలు 1972లో చేసుకొన్న ఒప్పందము నాచును చంపడము గూర్చి కాదు, సరస్సులోనికి వచ్చే ఫాస్ఫరసును తగ్గించడము గూర్చి. పాచి మనకు శత్రువని నేననుకోను. మనము ఇచ్చినదానిలో అవసరమునకు మించినది ఎంతో వ్రాసి చూపే పద్దు అది. ప్రేమతో ఇచ్చినదానికీ ఆ పద్దు తప్పదు.

కొన్ని నెలలకు రాళ్ళు బయటపడినవి. వెనుక మూలన కొంత పచ్చదనము మిగిలియున్నది. దానిని గీకవద్దని నాన్నగారి ఆజ్ఞ. నత్తలకు కూడ మూడు పూటలు గడవవలెను గదా అంటారు.